సొంత బ్రాండ్ బియ్యం బస్తా: హుజూర్‌నగర్‌లో ఈ స్టార్టప్ లెక్క తేలేదెక్కడ?

హుజూర్‌నగర్: డిగ్రీ అయిపోయి హైదరాబాద్‌లో రెండు మూడేళ్లు ఏదో ఒక ఉద్యోగం చేసి, అద్దెకూ తిండికీ జీతం సరిపోక ఊరికి తిరిగొచ్చిన కుర్రాళ్లు హుజూర్‌నగర్, కోదాడ వైపు చాలా ఇళ్లలో ఉన్నారు. గల్ఫ్ నుంచి వచ్చేసి, మళ్లీ వీసా కొనాలా, ఉన్న డబ్బుతో ఇక్కడే ఏదైనా పెట్టుకోవాలా అని ఆలోచించేవాళ్లూ ఉన్నారు. వీళ్లు చెప్పే ఐడియాల్లో తరచుగా వినిపించేది ఒకటుంది. "చుట్టూ వరి పొలాలే. అటు మిర్యాలగూడలో ఇన్ని మిల్లులు. మంచి సన్న బియ్యం తీసుకుని, మన పేరుతో సంచి కొట్టించి హైదరాబాద్‌లో అమ్మితే ఎందుకు నడవదు?"

పెద్ద మిషన్లు అక్కర్లేదు, సరుకు హలాల్, ప్రతి ఇంట్లో రోజూ ఉడికే వస్తువు. ఐడియా చెడ్డదేం కాదు. కానీ ఇందులోకి దిగేది అమ్మీ నగలు కుదువ పెట్టిన డబ్బో, అబ్బా పదేళ్లు ఎడారిలో కూడబెట్టిన డబ్బో అయినప్పుడు, సంచి మీద ఏ బొమ్మ వేయాలన్న దానికన్నా ముందు కాగితం మీద లెక్క వేయాలి.

ఒక బస్తా గిరాకీ ఎక్కడికి పోయింది?

రేషన్ కార్డులకు సన్న బియ్యం ఇచ్చే పథకాన్ని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2025 మార్చి 30న, ఉగాది రోజు, ఇదే హుజూర్‌నగర్‌లో ప్రారంభించారు. పౌరసరఫరాల శాఖ చూస్తున్న మంత్రి ఉత్తమ్ కుమార్ రెడ్డిది ఈ నియోజకవర్గమే. మనిషికి నెలకు 6 కిలోలు. అంటే నలుగురున్న ఇంటికి 24 కిలోలు, దాదాపు ఒక బస్తా. జూలై 14న ఇదే సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో కొత్త కార్డుల పంపిణీ కూడా మొదలైంది.

పేదింటికి ఇది మేలు. ఇదివరకు దొడ్డు బియ్యం తీసుకుని అమ్మేసి, పైన డబ్బు వేసి సన్నబియ్యం కొనుక్కున్న కుటుంబాలు ఇప్పుడు అదే బియ్యం వండుకుంటున్నాయి. కానీ బియ్యం వ్యాపారం పెట్టాలనుకునే వాడి వైపు నుంచి చూస్తే, కార్డున్న ప్రతి ఇంటి దగ్గర నెలకు ఒక బస్తా కిరాణా గిరాకీ తగ్గినట్టే. హుజూర్‌నగర్ పెద్ద ఊరేం కాదు. 2011 జనాభా లెక్కల్లోనే సూర్యాపేట, మిర్యాలగూడ చెరో లక్ష దాటాయి, ఇది వాటిలో సగం కూడా లేదు. కాబట్టి 'ముందు మన ఊళ్లో అమ్మి, తర్వాత బయటికి పోదాం' అనే మాట ఈ సరుకు విషయంలో కుదరదు. ఇక్కడ మిగిలే గిరాకీ కార్డు లేని ఉద్యోగులు, వ్యాపారులు, హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, మఠంపల్లి, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల చుట్టూ ఉండే మెస్‌లు. హోటల్ వాళ్లూ మెస్ వాళ్లూ బ్రాండ్ చూడరు, రేటు చూస్తారు. పైగా ఉద్దెర అడుగుతారు.

అసలు గిరాకీ హైదరాబాద్‌లోనే. రెండొందల కిలోమీటర్ల లోపు దూరం, రోడ్డు బాగానే ఉంది. అయితే అదే రోడ్డు మీద మిర్యాలగూడ మిల్లుల లారీలు కూడా పోతున్నాయి. మిల్లులు దగ్గరున్నాయన్న లాభం ఒక్కడిది కాదు, ఆ పక్క ఊళ్లోని వ్యాపారికీ అంతే దగ్గర.

వడ్ల దగ్గరి నుంచి లెక్క

2025-26కి కేంద్రం ఏ గ్రేడ్ వడ్లకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. సన్న వడ్లకు రాష్ట్ర ప్రభుత్వ బోనస్ 500. కలిపితే 2,889. సర్కారు కోసం మిల్లు ఆడించే లెక్కలో క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం రావాలి, అందులో నూక కూడా ఉంటుంది. ఆ ప్రకారం భాగిస్తే మిల్లు ఆడించకముందే కిలోకు 43 రూపాయలు పడుతుంది. తవుడు, ఊక, నూక అమ్మిన డబ్బు కొంత కలిసొస్తుంది. నూక తీసేసి నిలువు బియ్యమే కావాలంటే మళ్లీ ఖర్చు పెరుగుతుంది.

అందరు రైతులకూ ఆ 2,889 దక్కదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. మిషన్‌తో కోసిన వడ్లు ఆరబెట్టే జాగా, ఓపిక లేని రైతు పచ్చి వడ్లనే ట్రాక్టర్‌లో నేరుగా మిర్యాలగూడ మిల్లుకు తోలేస్తాడు, చెప్పిన రేటుకు ఇచ్చేస్తాడు. ఆ తగ్గింపు లాభం మిల్లుకు దక్కుతుంది, ఆరబెట్టే యంత్రాలూ గోదాములూ ఉన్నది వాళ్లకే కాబట్టి. సంచి కొట్టించే కుర్రాడికి ఆ వాటా రాదు. అతను మిల్లు చెప్పిన రేటుకు బియ్యం కొనేవాడే, పేరు మాత్రం అతనిది.

ఇంకో సంగతి, పాత బియ్యం. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుందని ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. మొదటి బస్తాలోనే అన్నం ముద్దయితే రెండో బస్తా ఎవరూ తీసుకోరు. పాతవి కావాలంటే కనీసం ఆరు నెలలు సరుకు ఆపాలి, అంటే అన్ని నెలలూ డబ్బు గోదాములో పడుకోవాలి. పురుగు పట్టకుండా చూడాలి. 'పాత బియ్యం' అని సంచి మీద రాయడానికి ఖర్చు లేదు. నిజంగా పాతవి అమ్మడానికే ఖర్చంతా. రకం విషయమూ ఇంతే. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, ఒకటి. 2015లో రాజేంద్రనగర్ వర్సిటీ విడుదల చేసిన తెలంగాణ సోనా, అంటే ఆర్ఎన్ఆర్ 15048, ఇంకొకటి. హెచ్‌ఎంటీ, జైశ్రీరాం పేర్లతో సంచులు ఎన్నో కనిపిస్తాయి, లోపల ఏ రకం ఉందో అమ్మేవాడికే తెలియాలి. కొత్త బ్రాండ్‌కు పెద్ద కంపెనీల్లాగా ప్రకటనల ఖర్చు పెట్టే స్తోమత ఉండదు. దాని దగ్గరున్న ఒకే ఆస్తి అమానత్, చెప్పిన సరుకే ఇవ్వడం.

ఉద్దెర మింగే లాభం

ఇప్పుడు ఒక ఊహా లెక్క. రేట్లు రోజూ మారతాయి, కాబట్టి అంకెల కన్నా వాటి మధ్య సంబంధం చూడాలి. 26 కిలోల బస్తా సంచి ఖర్చు, రవాణా కలిపి హైదరాబాద్ చేరేసరికి 1,350 పడిందనుకుందాం. కిరాణా షాపుకు 1,430కి వేస్తాడు, అంటే కిలో 55. బస్తాకు 80 మిగులు. నెలకు 300 బస్తాలు వేస్తే 24,000.

వినడానికి బాగానే ఉంది. కానీ మిల్లు నగదు అడుగుతుంది, కొత్త పార్టీకి అప్పు పెట్టదు. షాపువాడు నెల, నెలన్నర తర్వాత ఇస్తాడు. పదిహేను రోజుల సరుకు చేతిలో ఉండాలి. మొత్తం రెండు నెలల కొనుగోలు డబ్బు ఎప్పుడూ బయటే తిరుగుతుంటుంది. 300 బస్తాలను 1,350తో గుణిస్తే 4.05 లక్షలు, దానికి రెట్టింపు 8.10 లక్షలు. ఆ డబ్బు బ్యాంకులో 12 శాతానికి తెచ్చినా నెలకు 8,100 వడ్డీ. గోదాం అద్దె, హమాలీ, వసూళ్లకు తిరిగే పెట్రోలు కలిపి 9,000 అనుకున్నా చివరికి చేతిలో మిగిలేది 6,900.

ఒక్క షాపువాడు 25 బస్తాల డబ్బు ఎగ్గొడితే పోయేది 35,750. ఐదు నెలల మిగులు ఒక్క షట్టర్ మూతతో పోయినట్టు. ఈ వ్యాపారంలో అమ్మేది బియ్యమే అయినా, నడిచేది ఉద్దెర మీద. ఎనిమిది లక్షలు షాపులకు వడ్డీ లేకుండా అప్పిచ్చి, తాను మాత్రం బ్యాంకుకు వడ్డీ కట్టడం. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే ఇంటికి ఇది దీనీ బరువు కూడా.

అదే సరుకును షాపుల ద్వారా కాకుండా నేరుగా ఇళ్లకు, ముందు డబ్బు తీసుకుని ఇస్తే? షాపులో జనం కొనే రేటు 1,520 అనుకుంటే, ఇంటి గుమ్మం దాకా చేర్చే ఖర్చు 60 పోను బస్తాకు 110 మిగులుతుంది. నెలకు 120 బస్తాలే, 13,200. రెండు విడతల్లో 60 చొప్పున తెస్తే ఒక్కో విడత టన్నున్నర పైచిలుకు, ఒక చిన్న గూడ్స్ బండి సరుకు. చేతిలో ఉండాల్సిన డబ్బు 81,000. మొదటి పద్ధతికి కావలసిన దాంట్లో సరిగ్గా పదో వంతు. చిల్లర ఖర్చులు పోను ఓ పది వేలు నిలుస్తాయి, ఎగ్గొట్టేవాడి భయం లేదు.

పది వేలంటే ఉద్యోగానికి బదులు కాదు, ఇంటికి ఆసరా మాత్రమే. 120 ఇళ్లు ప్రతి నెలా తీసుకోవాలి, బస్తా మూడో అంతస్తు ఎక్కించాలి, ఫోన్ ఎత్తాలి, బాగా లేదంటే తిరిగి తెచ్చుకోవాలి. చుట్టాలు, మొహల్లా వాట్సాప్ గ్రూపు అంటే మొదటి ముప్పై ఇళ్లు సులభం. ఆ తర్వాతి తొంభై ఇళ్లు అన్నం బాగుంటేనే వస్తాయి.

26 కిలోల సంచి వెనక సంగతి

బస్తా 25 కాకుండా 26 కిలోలు ఎందుకని చాలామంది అడుగుతారు. 2022 జూలై 18 నుంచి, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల దాకా ఉంటే 5 శాతం జీఎస్టీ. దాటితే లేదు. అందుకే మార్కెట్ మొత్తం ఒక కిలో పెంచుకుంది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు కూడా బియ్యం విషయం ఇలాగే ఉండిపోయింది.

26 కిలోల బస్తాలు మాత్రమే అమ్మితే, పన్ను లేని సరుకే కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. చిక్కంతా ఐదు కిలోల ప్యాకెట్, బియ్యప్పిండి ప్యాకెట్ మొదలుపెట్టిన రోజు వస్తుంది. వస్తువులు అమ్మేవారికి చాలా రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ పరిమితి 40 లక్షల టర్నోవర్. తెలంగాణ ఆ పెంపు తీసుకోలేదు, ఇక్కడ 20 లక్షలే. మట్టపల్లి దగ్గర కృష్ణ దాటితే అవతలి ఒడ్డు వ్యాపారికి 40 లక్షలు. ఆ 20 లక్షల లెక్కలో పన్ను లేని బస్తాల అమ్మకం కూడా కలుస్తుందన్నది చాలామందికి తెలియదు. పైన చెప్పిన 120 బస్తాల చిన్న వ్యాపారమే ఏడాదికి 21.88 లక్షలు. అంటే ఒక్క పిండి ప్యాకెట్ కలిపినా రిజిస్ట్రేషన్ పరిధిలోకి వచ్చేసినట్టే. బియ్యంలో టర్నోవర్ ఎక్కువ, మిగులు తక్కువ. చట్టం చూసేది టర్నోవర్‌నే.

ఫుడ్ సేఫ్టీ కూడా ఇంతే. టర్నోవర్ నిర్ణీత పరిమితి లోపైతే మామూలు రిజిస్ట్రేషన్ సరిపోతుంది, దాటితే రాష్ట్ర లైసెన్సు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు, దానికి ఎవరికీ వేలు ఇవ్వక్కర్లేదు. సంచి పేరును ట్రేడ్‌మార్క్ చేయించుకోవాలంటే బియ్యం 30వ క్లాసులోకి వస్తుంది, వ్యక్తికి ఆన్‌లైన్ ఫీజు 4,500. ముందు వెతక్కుండా సంచులు అచ్చు వేయిస్తే, ఆ పేరు ఇంకొకరిదని తేలినప్పుడు సంచులన్నీ చెత్తబుట్టలోకే.

ఇంకో మాట. 2016 జనవరిలో మొదలైన స్టార్టప్ ఇండియా గుర్తింపు సొంత పేరు మీద నడిపే దుకాణానికి రాదు. ప్రైవేట్ లిమిటెడ్, ఎల్ఎల్‌పీ, రిజిస్టర్డ్ భాగస్వామ్యం, ఇలా ఏదో ఒకటి ఉండాలి. అందులోనూ కొత్తదనం చూపాలి. బియ్యం సంచి మీద పేరు మార్చడం కొత్తదనం అనిపించుకోదు. ఊళ్లో దాన్ని స్టార్టప్ అన్నా, కాగితాల్లో అది చిన్న వ్యాపారమే. అందులో తక్కువతనమూ లేదు.

సబ్సిడీ కోసం ఆగాలా?

2025 మార్చిలో ప్రకటించిన రాజీవ్ యువ వికాసంలో మైనారిటీలకూ వాటా ఉంది. 50 వేల దాకా యూనిట్‌కు మొత్తం సబ్సిడీ, లక్ష దాకా 90 శాతం, రెండు లక్షల దాకా 80, నాలుగు లక్షల దాకా 70. నాలుగు లక్షల యూనిట్ అంటే 2.80 లక్షలు సర్కారువి. ఐదు లక్షల మందికి ఇస్తామన్నారు, దరఖాస్తులు అంతకన్నా చాలా ఎక్కువ వచ్చాయి. జూన్ 2న మంజూరు పత్రాలు అన్నారు, వాయిదా పడ్డాయి. దరఖాస్తు పెట్టడం తప్పు కాదు. ఆ డబ్బు వస్తుందని గోదాం అడ్వాన్సు ఇచ్చేయడం తప్పు.

కేంద్రం పథకం పీఎంఈజీపీలో మైనారిటీలు ప్రత్యేక వర్గం కిందికి వస్తారు. పట్టణంలో పెడితే 25 శాతం, పంచాయతీ పరిధిలో పెడితే 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం. అంటే యూనిట్ హుజూర్‌నగర్ మున్సిపాలిటీలో ఉందా, పక్క పల్లెలో ఉందా అన్నదే పది శాతం తేడా. కానీ ఆ సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని చూశాక అప్పులో జమవుతుంది. సరుకు తిప్పుకోవడానికి అది పనికిరాదు. బియ్యం ప్యాకింగ్ ఒక్కటే చూపిస్తే బ్యాంకు దాన్ని కొని అమ్మే వ్యాపారంగానే చూసే అవకాశం ఎక్కువ. పిండి, అటుకులు, మరమరాలు లాంటి తయారీ ఉంటే వాదన బలంగా ఉంటుంది.

ఇంటి డబ్బు, మొహల్లా డబ్బు

బ్యాంకు వద్దనుకున్నప్పుడు మిగిలేది మనుషుల డబ్బు. ఇక్కడే అన్నిటికన్నా జాగ్రత్త కావాలి. 'లక్ష ఇవ్వండి భాయ్, నెలకు మూడు వేలు లాభం ఇస్తా' అనే మాట వినడానికి హలాల్‌గా ఉంటుంది, ఎందుకంటే వడ్డీ అనే పదం అందులో లేదు. కానీ నష్టం వచ్చినా రాకపోయినా నెలనెలా ఒకే మొత్తం ఇస్తాననడం భాగస్వామ్యం కాదు. ముదారబాలో లాభం నిష్పత్తిలో పంచుకుంటారు. నష్టం వస్తే, పని చేసేవాడి తప్పు లేనంత వరకు, డబ్బు పెట్టినవాడే భరించాలి. 2018లో హీరా గ్రూప్, 2019లో బెంగళూరు ఐఎంఏ వ్యవహారాలు బయటపడినప్పుడు ఎన్ని ఇళ్లలో ఆడపిల్లల షాదీ కోసం దాచిన డబ్బు ఇరుక్కుపోయిందో ఈ పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు.

చట్టం వైపు నుంచి కూడా ఇది ఆట కాదు. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో కేంద్ర చట్టం వచ్చింది. దగ్గరి బంధువుల నుంచి తీసుకున్న డబ్బు, భాగస్వాములు పెట్టిన పెట్టుబడి అందులోకి రావు. మొహల్లా అంతా తిరిగి స్థిర లాభం ఆశ చూపి వసూలు చేస్తే మాత్రం ఇరవై అయిదేళ్ల కుర్రాడికైనా కేసు కేసే. అన్నదమ్ములైనా, మామూజాన్ అయినా సరే, ఎవరి డబ్బు ఎంత, లాభం ఏ నిష్పత్తి, నష్టం ఎవరిది, ఎప్పుడు తప్పుకోవచ్చు అన్నది స్టాంపు పేపర్ మీద రాసుకోవడమే మేలు. 'మనలో మనకు కాగితాలేంటి' అన్న మొహమాటం తర్వాత చుట్టరికాన్నే తెంపుతుంది.

వ్యాపార సరుకు మీద జకాత్ ఉంటుందని చాలామంది మొదటి ఏడాది మర్చిపోతారు. గోదాములో ఉన్న బస్తాలు, నిసాబ్ దాటితే, ఆ లెక్కలోకి వస్తాయి. అందుకైనా సరుకు పద్దు సరిగ్గా రాసుకోవాలి.

చేతిలో లేని ప్రమాదాలు కొన్ని ఉన్నాయి. 2023 జూలైలో కేంద్రం తెల్ల బియ్యం ఎగుమతులు నిషేధించింది, 2024 సెప్టెంబరులో ఎత్తేసింది. ఇలాంటి ఒక్క ఉత్తర్వుతో మిల్లు రేటు మారిపోతుంది. 2024 సెప్టెంబరు 1 వానలకు నడిగూడెం మండలం రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడి పొలాలు మునిగాయి. పెద్ద మిల్లర్ ఇంకో జిల్లా నుంచి వడ్లు తెప్పించుకుంటాడు. 81 వేలతో తిరిగే వాడికి ఆ నెల సరుకు దొరకకపోవచ్చు, దొరికినా రేటు కుదరకపోవచ్చు. ముందే డబ్బు కట్టిన ఇళ్లకు అప్పుడు సరుకైనా ఇవ్వాలి, డబ్బైనా తిరిగివ్వాలి. అందుకే అడ్వాన్సుగా వచ్చిన డబ్బు సొంత ఖర్చుల్లో కలవకుండా వేరే ఖాతాలో ఉండాలి.

ఉద్యోగం వదలకుండా, సంచుల మీద అచ్చు కూడా వేయించకుండా మొదలుపెట్టే దారి ఒకటుంది. వారం సెలవు పెట్టి రెండు మూడు మిల్లుల్లో కిలో కిలో చొప్పున పాత బియ్యం తెచ్చి ఇంట్లో వండించుకుని చూడాలి. నచ్చిన రకం ముప్పై బస్తాలు, అంటే 40 వేల రూపాయల సరుకు, తెలిసిన ఇళ్లకు నగదుకే ఇవ్వాలి. చుట్టరికం కొద్దీ మొదటి నెల అందరూ తీసుకుంటారు, దాన్ని లెక్కలో వేసుకోవద్దు. రెండో నెల, అడక్కుండానే, ఎంతమంది ఫోన్ చేశారో రాసి పెట్టుకోవాలి.